రాయి, దేహం, పేరు: చెన్నై సమాధుల తోటను డిజిటల్‌గా నమోదు చేసే విధానం

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జులై 6న కర్నూలు ప్రాంతపు పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేశారు. నాలుగేళ్ల తరువాత, 1831లో, ఆ అవశేషాలను మద్రాసుకు తెచ్చి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉంచారు. గుత్తి కోట కింద ఆయన పేరిట సమాధి ఇంకా నిలిచి ఉంది. చెన్నై ఐలండ్ మైదానం దగ్గర రికాబులు లేని గుర్రంపై ఆయన విగ్రహం ఉంది. దత్తమండలాల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఇప్పుడు ఒక డిజిటల్ పటంలో ‘మన్రో సమాధి’ అని ఒకే ఒక చుక్క పెట్టమంటే ఎక్కడ పెట్టాలి?

సమాధుల తోటలను డిజిటల్‌గా నమోదు చేయాలని బయలుదేరే తెలుగువారు చెన్నైలో ఏటేటా పెరుగుతున్నారు. వారిలో చాలామంది కెమెరాతో మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి ఏడాది పాలరాతి దేవదూతలను, శిలువలను, విరిగిన స్తంభాలను రెండు వందలకు పైగా ఫొటోలు తీసి ఇంటికి తెచ్చాక, ఏ రాయి పక్కన ఏ రాయి ఉందో ఒక్కటి కూడా చెప్పలేకపోయాను. అందమైన రాళ్ల బొమ్మలు చేతికి వచ్చాయి గాని, తోట రాలేదు. ఆ అనుభవం తరువాత స్థిరపడిన పద్ధతినే ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను. దీనికంతటికీ మూలసూత్రం ఒక్కటే: మనిషి పేరు, ఆ మనిషి దేహం, ఆ పేరు చెక్కిన రాయి అనేవి మూడు వేరువేరు విషయాలు, కాబట్టి వాటిని మూడు వేరువేరు నమోదులుగా రాయాలి.

మొదటి మెట్టు: ఆ స్థలం ఏ రకం జ్ఞాపకమో తెలుసుకోవడం

ఐరోపాలో ‘స్మారక శ్మశానం’ అనే భావన పంతొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో బలపడింది. బొలోన్యా నగరం 1801లో ఒక పాత మఠాన్ని, చెర్టోజాను, నగర శ్మశానంగా మార్చింది. పారిస్‌లో పెర్ లషేజ్ 1804లో తెరుచుకుంది. జెనోవాలోని స్టాల్యెనో 1851లో, మిలాన్‌లోని మహా శ్మశానం 1866లో వచ్చాయి. ఊరి మధ్య చర్చి ఆవరణల నుంచి ఖననాలను బయటికి తరలించాలన్న ఆరోగ్య కారణం ఒకటైతే, నగరం తన పెద్దలను అందరూ నడిచి చూడగలిగే వీధుల వంటి వరుసల్లో నిలబెట్టుకోవాలన్న కోరిక మరొకటి. అయితే కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం 1767లోనే మొదలైందన్న సంగతిని మనవాళ్లు మరిచిపోకూడదు.

మద్రాసులో ఈ జ్ఞాపకం నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో ఫలకాలు ఉన్నాయి, వాటి కింద దేహాలు లేవు. ఆర్మేనియన్ వీధిలోని చర్చి నేలపై పరచిన రాళ్లలో, 1794లో ఇదే ఊరి నుంచి తొలి ఆర్మేనియన్ పత్రిక అజ్దరార్‌ను వెలువరించిన హరుత్యూన్ ష్మవోన్యాన్ సమాధి ఉంది. ఒక జాతి మొత్తం దాన్ని తనదిగా తలచుకుంటుంది. నందంబాక్కంలోని యుద్ధ శ్మశానంలో ఒకే కొలతతో వరుసగా నిలిచిన రాళ్లు కనిపిస్తాయి. కీల్పాక్, కాసిమేడు వంటి చోట్ల నేటికీ ఖననాలు జరుగుతూనే ఉంటాయి, నవంబరు 2న సమాధుల పండుగకు కుటుంబాలు పూలతో, కొవ్వొత్తులతో వస్తాయి. ఈ నాలుగింటికీ ఒకే ప్రశ్నల పట్టిక సరిపోదు. దహనమే ఆచారంగా ఉన్న ఇళ్లలో పెరిగినవారు తమకు ఇది కొత్త అనుకోవచ్చు గాని, పల్లె పొలిమేరలో వీరగల్లు నిలబెట్టి దానికి ఏటా నూనె పూసే సంప్రదాయం మనదే. రాయి ద్వారా ఊరంతా కలిసి ఒకరిని గుర్తుంచుకోవడం తెలుగువారికి పరాయి పని కాదు.

రెండో మెట్టు: అనుమతి

చర్చి శ్మశానమైతే పాస్టరుగారికి, సంఘ కమిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఎన్ని రోజులు, ఎంతమంది, ఏ పరికరాలు, ఫలితం ఎవరికి ఇస్తారు అన్న నాలుగు విషయాలూ అందులో ఉండాలి. కోట ఆవరణలో సైన్యం, సచివాలయం రెండూ ఉన్నాయి కాబట్టి గుర్తింపు కార్డు తప్పదు, ఫొటోల సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. డ్రోన్ ఆలోచన మానుకోవడం మేలు. కోటకు భద్రతా ఆంక్షలు ఉంటాయి, నందంబాక్కం విమానాశ్రయానికి దగ్గర. అన్నిటికంటే ముందు అక్కడి కాటికాపరితో, తోటమాలితో కూర్చుని మాట్లాడండి. ఏ వరుస వర్షానికి మునుగుతుందో, ఏ రాయి ఎప్పుడు కదిలిందో, ఏ గోరీకి ఇప్పటికీ మనుషులు వస్తారో వారికి తెలిసినంత ఏ రిజిస్టరుకూ తెలియదు.

మూడో మెట్టు: పాత కాగితాలు చదివాకే లోపలికి వెళ్లడం

మద్రాసుకు ఒక అదృష్టం ఉంది. 1905లోనే జూలియన్ జేమ్స్ కాటన్ ఈ ప్రాంతపు సమాధి శాసనాలను జాబితాగా అచ్చువేశాడు. నూరేళ్లకు పైబడిన ఆ పాఠం పక్కన నేటి రాతిని పెట్టి చూస్తే ఏ అక్షరం ఎప్పటికి అరిగిందో అంచనా వేయవచ్చు. కాని ‘చారిత్రక, పురావస్తు ప్రాముఖ్యం’ ఉన్నవాటినే ఆయన ఎంచుకున్నాడని గ్రంథం పేరే చెబుతుంది. అందువల్ల అందులో లేని రాయి ఆనాటికి లేదని అనుకోకండి. ఇక లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మ, వివాహ, ఖనన రిజిస్టర్ల నకళ్లు 1698 నుంచి ఉన్నాయి. చర్చి దగ్గరి ఖనన రిజిస్టరు చూడనిస్తే అంతకు మించిన ఆధారం లేదు.

కాగితాలు ముందు చదవాలని పట్టుబట్టడానికి కారణం సెయింట్ మేరీస్ చర్చే చెబుతుంది. అక్కడ 1652 నాటి ఎలిజబెత్ బేకర్ ఫలకం ఉంది, ఇది మన దేశంలోని అతి పాత ఆంగ్లేయ సమాధి ఫలకాల్లో ఒకటి. చర్చి ప్రతిష్ఠ జరిగింది మాత్రం 1680లో. చర్చి కన్నా ఇరవై ఎనిమిదేళ్లు పెద్దదైన రాయి చర్చి ఆవరణలోకి ఎలా వచ్చింది? పాత శ్మశానం కోట బయట, తరువాత లా కాలేజీ కట్టిన స్థలంలో ఉండేది. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు ఎత్తయిన ఆ గోరీలు శత్రువుకు చాటుగా ఉపయోగపడ్డాయి. ముట్టడి తొలగాక వాటిని నేలమట్టం చేసి, ఫలకాలను తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. దేహాలు మాత్రం అక్కడే మిగిలాయి. గవర్నరు ఎలిహు యేల్ కుమారుడు డేవిడ్ యేల్, అంతకుముందు 1680లో మరణించిన జోసెఫ్ హిన్మర్స్ పేర్లతో ఉన్న కోసుగా లేచిన కట్టడం మాత్రం ఆ పాత స్థలంలోనే నిలిచింది. 2023లో దాన్ని కూడా వేరే చోటికి మార్చాలని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. రాయి కదులుతుంది, కదిలించినవారికి ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంటుంది. మన నమోదులో ‘రాయి ఇప్పుడున్న చోటు’, ‘రాయి మొదట ఉన్న చోటు’, ‘దేహం ఉన్న చోటు’ అని మూడు గడులు లేకపోతే ఈ చరిత్ర అంతా ఒక్క చుక్కలో మాయమవుతుంది.

నాలుగో మెట్టు: కొలత, పటం, సంఖ్య

ఫోన్‌లోని జీపీఎస్‌ను నమ్ముకోకండి. ఆరుబయట కూడా అది మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, వేపచెట్ల కింద ఇంకా తప్పుతుంది. సమాధి వెడల్పు ఒక మీటరు మాత్రమే కాబట్టి ఆ తేడాతో మూడు కుటుంబాలు తారుమారవుతాయి. ప్రహరీ నాలుగు మూలలకూ, గేటుకూ మాత్రమే జీపీఎస్ తీసుకుని, లోపలంతా టేపుతో కొలవండి. నడవ మధ్యగా యాభై మీటర్ల టేపును తిన్నగా పరచి, ప్రతి సమాధికీ టేపు మీద ఎన్ని మీటర్ల దగ్గర ఉంది, అక్కడి నుంచి లంబంగా ఎంత దూరంలో ఉంది అన్న రెండు అంకెలు రాయండి. ఇద్దరు మనుషులు ఒక ఉదయంలో నలభై, యాభై సమాధులు పూర్తి చేయగలరు. ఇంటికి వచ్చాక గీసిన పటాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకోవచ్చు.

సంఖ్య రాతికి ఇవ్వకండి, స్థలానికి ఇవ్వండి. పేరున్న సమాధికి ఒక సంఖ్య ఇచ్చినట్టే, రాయి లేని మట్టి దిబ్బకూ, రెండు గోరీల మధ్య ఖాళీకీ, విరిగి గోడకు చేర్చిన ముక్కకూ సంఖ్య ఇవ్వాలి. ఈ ఒక్క నియమం గురించి నేను ఎవరితోనైనా వాదిస్తాను. పాలరాయి కొనగలిగినవారే కనిపించి, మట్టి దిబ్బ కింద ఉన్నవారు కనిపించకపోతే, శతాబ్దం క్రితం జరిగిన అసమానతను మనం చేతులారా కంప్యూటర్‌లో మళ్లీ కట్టినట్టవుతుంది.

ఇది ఊరికే అనే మాట కాదు. నందంబాక్కం యుద్ధ శ్మశానాన్ని 1952లో ఏర్పాటు చేశారు. దక్షిణ, తూర్పు భారతంలో శాశ్వత సంరక్షణకు భరోసా లేని శ్మశానాల నుంచి రెండో ప్రపంచ యుద్ధపు సమాధులను అక్కడికి చేర్చారు. ఆ ఆవరణలోనే ఉన్న 1914-1918 స్మారకంలో వెయ్యి మందికి పైగా పేర్లు ఉన్నాయి, వారి దేహాలు మాత్రం దేశంలో ఎక్కడెక్కడో ఉన్నాయి. ఈ స్థలాన్ని చూసే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ హోదా భేదం లేకుండా అందరికీ ఒకే గౌరవం అన్న నియమంతో 1917లో మొదలైంది. అదే సంస్థ 2021లో వెలువరించిన నివేదికలో, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన భారతీయ, ఆఫ్రికన్ సైనికుల్లో వేలాదిమందికి సమాన స్మరణ దక్కలేదనీ, కనీసం 1,16,000 మందికి పేరు పేరునా స్మరణే జరగకపోయి ఉండవచ్చనీ ఒప్పుకుంది. పదిహేడు లక్షల పేర్లను ఇంట్లో కూర్చుని వెతుక్కోగల సమాచార నిధి ఉన్న చోటే ఇంత పెద్ద ఖాళీ మిగిలింది. కాబట్టి మీ పటంలో ఖాళీ కూడా ఒక నమోదు కావాలి.

ఐదో మెట్టు: ఫొటో, వెలుతురు

చెన్నైలో ఈ పనికి సంక్రాంతి తరువాతి ఆరు వారాలు మంచి కాలం. ఈశాన్య రుతుపవనం పోయి నాచు ఎండుతుంది, పొద్దు ఇంకా మెత్తగా ఉంటుంది. అరిగిన అక్షరాలు ఏటవాలు వెలుతురులోనే లేస్తాయి కాబట్టి, నేలపై పరచిన ఫలకాలను ఉదయం ఏడు గంటల లోపలే తీయాలి. తొమ్మిది దాటితే వెలుగు నేరుగా పడి రాయి చదునైపోతుంది. ఉత్తరానికి తిరిగిన రాళ్లకు ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ తగలదు, అవి మే, జూన్ నెలల్లో వెలుగు చూస్తాయి. నున్నటి నల్లరాతిలో మీ ప్రతిబింబమే పడుతుంది, అప్పుడు కెమెరా వెనుక నల్ల గుడ్డ పట్టుకునే మనిషి కావాలి.

ప్రతి సమాధికీ నాలుగు ఫొటోలు చాలు: ఇరుగుపొరుగుతో కలిపి దూరం నుంచి ఒకటి, పూర్తి రాయి ఒకటి, శాసనం ఎదురుగా ఒకటి, శిల్పి పేరు చెక్కిన మూల ఒకటి. ఫొటోలో కొలబద్ద, సంఖ్య రాసిన చీటీ ఉండాలి. చాక్‌పీసు రుద్దడం, పిండి చల్లడం, ఇనుప బ్రష్‌తో గీకడం, యాసిడ్ పోయడం చేయకండి. అక్షరం ఈ రోజు కనబడినా రాయి రేపు పొర ఊడుతుంది. మెత్తటి కుంచెతో ఆకులు తుడవడం, అవసరమైతే మంచినీళ్లు పలచగా చిలకరించడం, అంతవరకే.

రాయి రకం కూడా రాసుకోండి. ఇందుకు ఒక చక్కటి కారణం ఉంది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధిపై ఉన్న నల్లరాయి మద్రాసు ప్రాంతపు రాయి. దాన్ని పరీక్షించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ జాతి శిలకు ‘చార్నోకైట్’ అని పేరు పెట్టాడు. పల్లావరం గుట్టల్లో ఉన్నది ఆ రాయే. ఒక సమాధి వల్ల శిలాజాతికే పేరు వచ్చింది.

ఆరో మెట్టు: చదవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే పని ఇదే, పట్టాలి కూడా. ఇద్దరు వేరువేరుగా చదివి, తరువాతే పోల్చుకోవాలి. కలిసి చదివితే పెద్దగొంతు ఉన్నవారి పాఠమే నిలుస్తుంది. రాతిపై ఏముందో అదే రాయండి, తప్పున్నా దిద్దకండి, పంక్తి ఎక్కడ విరిగితే అక్కడే విరవండి. శాసన పరిష్కర్తలు 1931 నుంచి వాడుతున్న లైడెన్ పద్ధతిలో, పోయిన అక్షరాలను ఊహించి పూరిస్తే చదరపు కుండలీకరణాల్లోనూ, సంక్షిప్తాన్ని విప్పితే గుండ్రటి కుండలీకరణాల్లోనూ ఉంచుతారు. కీ(ర్తి)శే(షులు) అని రాస్తే రాతిపై ఉన్నది ‘కీ.శే.’ మాత్రమేనని చదువరికి తెలుస్తుంది. సందేహమున్న అక్షరం కింద చుక్క పెట్టడం ఆ పద్ధతిలో ఉంది గాని, తెలుగు ఫాంట్లలో ఆ చుక్క ఒత్తులతో కలిసిపోయి గందరగోళం చేస్తుంది. నేను అక్షరం తరువాత ప్రశ్నార్థకం పెడతాను, పట్టిక మొదట్లో ఆ సంగతి చెబుతాను.

తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ముందు అరిగేవి తలకట్లు, తరువాత ఒత్తులు. కడుపులోని చుక్క చెరిగితే ఠ కాస్తా ర అవుతుంది, కింది గీత పోతే ధ కాస్తా ద అవుతుంది, ప, వ, ష ఒకదానికొకటి తోడబుట్టినట్టు కనిపిస్తాయి. ఒత్తు మసకబారితే రత్నమ్మా రత్తమ్మా తేల్చుకోలేము. అలాంటప్పుడు రెండు పాఠాలూ రాయండి. తెలుగు అంకెల్లో ౧, ౦ అరిగిన రాతిపై ఒకటిగా తోస్తాయి, అక్కడ పొరపడితే ఏళ్ల లెక్కే మారిపోతుంది. ‘ప్రభువునందు నిద్రించిన’ వంటి అలవాటు పదబంధాలు అక్షరాల కొలత తెలుసుకోవడానికి మంచి తాళంచెవులు, అర్థం ముందే తెలుసు కాబట్టి ఆ శిల్పి ఏ అక్షరాన్ని ఎలా చెక్కాడో వాటి నుంచి నేర్చుకుని పేరు దగ్గరికి వెళ్లవచ్చు.

తేదీల విషయంలో తొందరపడకండి. 1752 దాకా ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది. అందుకే చార్నాక్ సమాధిపై జనవరి 1692 అని ఉన్నా మన లెక్కలో అది 1693. ఆర్మేనియన్ శకానికి 551 కలపాలి, శాలివాహన శకానికి 78. ‘దుర్ముఖి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి రాయి తీరును బట్టి ఏ ఆవృత్తమో నిర్ణయించాలి. రాతిపై ఉన్న తేదీ ఒక గడిలో, మీరు కట్టిన లెక్క మరో గడిలో.

కంటికి చిక్కని శాసనానికి ఒక ఉపాయం ఉంది. కెమెరాను కదలకుండా నిలిపి, సంజె చీకట్లో ఒకే దీపాన్ని రాతి చుట్టూ వేరువేరు కోణాల్లో పట్టుకుని నలభై నుంచి అరవై ఫొటోలు తీస్తారు. దూరం మారకుండా దీపానికి దారం కట్టుకుంటారు, రాతి పక్కన మెరిసే నల్ల గోళీలు రెండు ఉంచుతారు. గోళీపై మెరుపు పడిన చోటును బట్టి కాంతి దిక్కును కంప్యూటరు లెక్కిస్తుంది, ఆపైన తెరపై వెలుతురును మనకు కావలసిన వైపుకు తిప్పుకుంటూ చదవవచ్చు. 2001లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రకటించిన పద్ధతి నుంచి ఇది పెరిగింది. బెంగళూరులో మిథిక్ సొసైటీ నగరపు పాత శాసనాలను త్రీడీ స్కానింగ్ చేస్తున్న పని కూడా చూడదగ్గది, కంటికి అందని అక్షరాలను అలా రాబట్టవచ్చని అది చూపించింది.

ఏడో మెట్టు: త్రీడీ నమూనా

అన్నిటికీ అక్కర్లేదు. శిల్పం ఉన్నవాటికి, కూలిపోయేలా ఉన్నవాటికి, తరలింపు ముప్పు ఉన్నవాటికి మాత్రం చేయండి. మబ్బు పట్టిన రోజున, ఎక్స్‌పోజర్ మార్చకుండా, ఒక ఫొటోకూ మరో ఫొటోకూ డెబ్బై శాతం కలిసేలా చుట్టూ మూడు ఎత్తుల్లో తిరిగితే ఒక్క సమాధికి ఎనభై నుంచి నూట ఇరవై ఫొటోలు వస్తాయి. మెష్‌రూమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని నమూనాగా మారుస్తుంది. కొలబద్ద లేకపోతే ఆ నమూనాకు పరిమాణమే ఉండదు.

లా కాలేజీ స్థలంలోని పాత శ్మశానం వంటి మాయమైన చోటును తెరపై తిరిగి నిర్మించాలనుకుంటే ఇంకా జాగ్రత్త అవసరం. ఆధారం ఉన్న భాగం ఒక రంగులో, ఊహ మరో రంగులో ఉండాలి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాసి పెట్టాలి. ఇలాంటి నిర్మాణాలకు లండన్ చార్టర్ అనే నియమావళి కోరేది ఇదే. విషాద సంగీతం, పొగమంచు కలపకండి. అక్కడ పడుకున్నవారు ఎవరికో తల్లిదండ్రులు.

ఎనిమిదో మెట్టు: పట్టిక, ప్రచురణ, భద్రం

పట్టికలు మూడు ఉండాలని మొదటే చెప్పాను: మనుషులు, స్థలాలు, రాళ్లు. ఒక రాతిపై ఐదుగురి పేర్లుండవచ్చు, ఒక మనిషికి మన్రోలా ఒకటికి మించిన చోట్ల గుర్తులుండవచ్చు, ఒక స్థలానికి రాయే లేకపోవచ్చు. మూడింటినీ సంఖ్యలతో ముడివేస్తే ఇవన్నీ ఇముడుతాయి. గడుల మధ్య కామాలు పెట్టి రాసే సాదా సీఎస్‌వీ ఫైలు చాలు, ఏ కంపెనీ మూతపడినా అది తెరుచుకుంటుంది. అసలు ఫొటోలతో సహా మూడు ప్రతులు ఉంచండి, రెండు రకాల పరికరాలపై, ఒకటి వేరే ఊళ్లో.

ప్రచురణలో నా గట్టి అభిప్రాయం ఇది: గత డెబ్బై ఏళ్లలోపు సమాధులను కుటుంబం ఒప్పుకుంటేనే పేరుతో బయట పెట్టాలి. పుట్టిన తేదీ, తల్లి పేరు, ఇంటి పేరు ఒకచోట దొరికితే బతికి ఉన్నవారికి నష్టం జరగవచ్చు. పసిపిల్లల సమాధుల ఫొటోలను నేను ప్రచురించను, పట్టికలో మాత్రం ఉంచుతాను.

తొమ్మిదో మెట్టు: నవంబరు 2

పట్టికను పెద్ద అక్షరాల్లో ముద్రించి, వరుసల పటంతో కుట్టించి, సమాధుల పండుగనాడు ఉదయమే గేటు దగ్గర బల్లపై ఉంచండి. పక్కన ఒక నోటు పుస్తకం, పెన్ను. ‘ఈ రాయి మా నాయనమ్మది, పేరు తప్పు పడింది’ అనేవారు వస్తారు, ‘ఆ దిబ్బ మాది’ అని పటంలోని ఖాళీ గడిపై వేలు పెట్టి చూపేవారూ వస్తారు. వారు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, చెప్పినవారు ఏమవుతారో, ఏ తేదీన చెప్పారో చేర్చండి. మీ పాత పాఠాన్ని కొట్టివేయకుండా దాని కిందనే కొత్తది ఉంచండి. సాయంత్రం కొవ్వొత్తులు వెలిగే వేళకు ముద్రించిన ఆ పుస్తకాన్ని కాటికాపరి గదిలో, ఖనన రిజిస్టరు పక్కన పెట్టి రండి.